ఇద్దరికీ ఒకటే కళ్లజోడు

నేను చత్వారం కళ్లజోడును. నంబరు ప్లస్ రెండు. దూరపు చూపుకి పనికిరాను. చేతిలో పుస్తకం, బల్ల మీద జీడిపప్పు, సూదిలో దారం, ఒళ్లో పడుకున్న మనవరాలి తలలో పేలు, అంతవరకే నా ఏలుబడి. కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీ గుమస్తా గారిల్లే నా ఇల్లు. ఆ ఇంట్లో ముక్కులు రెండు, నేనొక్కదాన్ని.

మొదట నన్ను తెచ్చుకున్నది గుమస్తా గారే. లెక్కల పుస్తకాన్ని చేయి చాచినంత దూరం పట్టుకున్నా అంకెలు అలుక్కుపోతుంటే, సోంపేట వెళ్లి చూపించుకున్నారు. పక్కనే ఉన్న పలాసలో కళ్ల డాక్టర్లు లేక కాదు. ఆయన తల్లికి శుక్లాలు తీసి చూపు తెప్పించింది సోంపేట ఆరోగ్యవరంలోని మిషన్ ఆసుపత్రి. కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టరు బెన్ గల్లిసన్ అక్కడ పనిచేసేవారు. పేద రోగుల కోసం సాయం చేయమని ఆయన అడిగితే, కాల్గరీ నగరపు వ్యాపారి ఆర్థర్ జెన్‌కిన్స్ 1963లో మొదలుపెట్టిన పని ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అయింది. ఆ తర్వాత ఎన్నో దేశాలకి పాకిన ఆ కంటి సేవకి పుట్టిల్లు మన సోంపేట. ఈ సంగతి గుమస్తా గారు గర్వంగా చెప్పేవారు, చెప్పాక తల్లి మాట ఒకటి తప్పకుండా కలిపేవారు. కట్లు విప్పగానే ఆవిడ కొడుకుని ఎగాదిగా చూసి, ‘నువ్వింత ముసలోడివి ఎప్పుడైపోనావురా’ అందట.

కొన్నేళ్లకి అమ్మకీ చత్వారం వచ్చింది. అమ్మ అంటే గుమస్తా గారి భార్య. అదే ఫ్యాక్టరీలో గ్రేడింగ్ బల్ల దగ్గర పని. పొట్టు తీసిన పప్పులో గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చెయ్యాలి. గుండులో మళ్లీ 180, 210, 240, 320 అని రకాలు. పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో అదే ఆ అంకె. అంకె తగ్గేకొద్దీ పప్పు లావు, ధర ఎక్కువ. అమ్మ చేతివేళ్లకి ఆ తేడా కంటికంటే ముందే తెలిసేది గాని, పప్పు మీది సన్నని మచ్చ మాత్రం కనబడడం మానేసింది. పరీక్ష చేయిస్తే ఆయన నంబరే ఆవిడకీ వచ్చింది.

గుమస్తా గారు ఆ చీటీ చూసి మురిసిపోయారు. “ఆదికాండంలో దేవుడు ఇద్దరూ ఏకశరీరం అన్నాడు. ఒక శరీరానికి రెండు కళ్లజోళ్లేటే?” అన్నారు.

“అయితే పళ్లు తోముకునే బ్రష్షు కూడా ఒకటే కొనండి” అంది అమ్మ.

రెండో జోడు కొనలేదు. పొద్దున లెక్కల పుస్తకం మీద, మధ్యాహ్నం నుంచి గ్రేడింగ్ బల్ల మీద, సాయంత్రం ఎవరు ముందు అందుకుంటే వాళ్ల దగ్గర. రాత్రి కుటుంబ ప్రార్థనకి మాత్రం ఇద్దరిదీ. ఆయన ఒక వచనం చదివి, నన్ను తీసి, కండువాతో తుడిచి కుడిచేత్తో అమ్మకి అందించేవారు. అమ్మ పెట్టుకుని తరవాతి వచనం చదివి, తిరిగిచ్చేది. అలా ముక్కు నుంచి ముక్కుకి మారుతూ బైబిలు మొత్తం చదివాను. ఏ వచనం ఎవరి గొంతులో విన్నానో నాకిప్పటికీ గుర్తే.

నూటపంతొమ్మిదో కీర్తన వచ్చిన రాత్రి సంగతి చెప్పాలి. 176 వచనాలు. బైబిల్లో అంత పొడుగు అధ్యాయం మరోటి లేదు. సగం చేసి రేపు చదువుదామని అమ్మ అంటే, దేవుడి వాక్యాన్ని సగంలో ఆపకూడదని ఆయన పట్టు. ముప్పయ్యో వచనానికి కుక్కరు కూత పెట్టింది. అరవయ్యో వచనానికి పప్పు అడుగంటిన వాసన. నా కుడి కాడ మర వదులై, ఊడి చాప మీద పడిపోయింది. మరని వెతకడానికి కళ్లజోడు కావాలి, కళ్లజోడుకేమో మర లేదు. ఇద్దరూ చాప మీద వంగి చేత్తో తడుముతూండగా అమ్మ అంది: “ఏటండీ, ఇలాక్కాదు గాని, బేసి వచనాలన్నీ మీరు ఒకేసారి చదివీండి. సరి వచనాలన్నీ నేను ఒకేసారి చదివీస్తాను. రెండూ కలిపీసుకోడం ఆ దేవుడికి తెలీదేటి?”

గుమస్తా గారు నవ్వాపుకోలేక గోడకి చేరబడిపోయారు. ఆ కాడకి మర్నాడు నువ్వలరేవు నుంచి తెచ్చిన వల దారం ముడేశారు. ఆ నైలాను ముడి ఇవాళ్టికీ ఉంది, అమ్మ కణతకి ఒరుసుకుంటుంది. నూటపదిహేడో కీర్తన రెండే వచనాలు. ఆ తర్వాత ఒళ్లు అలిసిన రోజున అమ్మ ‘ఈవేళ నూటపదిహేడు’ అనేది, ఆయన కాదనేవారు కాదు.

ఆయన పాటగాడు కూడా. గొంతు గొప్పది కాదు, ఉత్సాహం గొప్పది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరి గారి పేరు కనబడితే చాలు, ‘మన పక్కూరి కవి’ అనేవారు. 1803లో పర్లాకిమిడి వైపు పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్న ఆ మహానుభావుడంటే ఆయనకి చుట్టపు ప్రేమ. ఒకసారి ఒక చావింట్లో ఆదరణ కూటానికి నన్ను ఇంట్లో మర్చిపోయి వెళ్లారు. పాట నంబరు చీటీ మీద రాసిచ్చారు. ఆయన కళ్లు చికిలించి చదివి, పుస్తకం తిరగేసి, గొంతెత్తి అందుకున్నారు. మూడు ఎనిమిదిగా కనబడింది. అది పెళ్లి పాట. సంఘమంతా అలవాటు కొద్దీ వంత పాడేసింది. రెండో చరణంలో గాని ఆయనకి తెలియలేదు. చెమటలు కక్కుతూ ఆగిపోతే, మూల కూర్చున్న ముసలావిడ, భర్తని పోగొట్టుకున్న ఆవిడే, “ఆపకు నాయనా, మా పెళ్లికి పాడింది ఇదే” అందట. ఇంటికొచ్చి ఇది చెప్పినప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, పెదవి నవ్వుతోంది. అమ్మ నన్ను ఆయన జేబులో దోపి, ‘ఇకమీదట చావింటికి నేనెళ్లకపోయినా ఇది వెళ్లాలి’ అంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరం మీద పడింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మళ్లీ నాటి కాయ చూడాలంటే ఏళ్లు పడుతుంది. ఆ నష్టం ఒక రాత్రిది కాదు. ఆ గాలిలో ఆయన మంచం కింద కూర్చుని పాడుతూనే ఉన్నారు. ‘గాలికంటే మీరే గట్టిగా ఉన్నారు’ అంది అమ్మ.

తర్వాత వచ్చినది ఉద్దానంలో చాలా ఇళ్లకి వచ్చినదే. కిడ్నీలు. పూండి నుంచి కవిటి దాకా ఏ వీధిలో అడిగినా ఒక పేరు చెబుతారు. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. ఆయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్ పడింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచేనాటికి ఆయన చేతి నరం గట్టిపడిపోయింది. రిపోర్టుల్లో క్రియాటినిన్ అంకె చూడ్డానికి ఇద్దరూ నన్ను లాక్కునేవారు.

నీళ్లు కొలిచి తాగాలి. పొటాషియం ఎక్కువని కొబ్బరి నీళ్లు వద్దు, పనస వద్దు, అరటి వద్దు. డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని ఆయన నా లోంచి రెండుసార్లు చదివి అన్నారు: “దేవుడు ఆదాముకి తోటలో ఒక్క చెట్టే వద్దన్నాడు. ఈ డాక్టరు బాబు తోటంతా వద్దన్నాడు.” డాక్టరుగారు కలం కింద పెట్టి నవ్వారు. మరో ఆదివారం ముందు, ప్రభువు బల్లలో తీసుకునే ద్రాక్షారసం ఆ రోజు నీళ్ల లెక్కలోకి వస్తుందా రాదా అని నర్సమ్మని గంభీరంగా అడిగారు. ఆ అమ్మాయి కంగారుపడి, పెద్ద డాక్టరుని అడిగి చెబుతానంది. నొప్పి లేక అన్న మాటలు కావవి. కాళ్లు వాచి, ఒళ్లంతా దురదలు పుట్టి, రాత్రుళ్లు నిద్ర లేక కూర్చునేవారు. ఆ కూర్చోడంలోంచే ఆ మాటలు వచ్చేవి. తన రోగం అమ్మ ముఖంలో నవ్వుని కూడా తీసుకుపోకూడదని ఆయన పట్టుదల.

ఆయన ప్రభువునందు నిద్రించారు. మూడో రోజు ఆదరణ కూటంలో పెద్దలు లేచి మాట్లాడారు. భక్తిపరుడు, నెమ్మదస్తుడు, మితభాషి అన్నారు. అమ్మ తలొంచుకుని వింది. వాళ్లు చెప్పిన మనిషి మా ఇంట్లో ఎప్పుడూ లేడు.

ఆ తర్వాత నేను డబ్బాలో ఉన్నాను. బైబిలు అట్ట మీద డబ్బా, డబ్బాలో నేను. అమ్మ ప్రార్థన చేసేది గాని చదివేది కాదు. ఒక రాత్రి తీసింది. పెట్టుకుని, దొరికిన చోట తెరిచి, ఒక వచనం చదివింది. చదివి, నన్ను తీసి, కొంగుతో తుడిచి, కుడిచేత్తో పక్కకి చాపింది.

చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను ఆ చేతిలో వణికాను. ఆ తర్వాత అమ్మ గొంతులోంచి వచ్చినది ఏడుపే అనుకున్నాను. కాదు. “బేసివి మీరు, సరివి నేను” అంటోంది. నవ్వుతోంది. ఏడుస్తోంది కూడా; నా అద్దాలు రెండూ తడిశాయి. చాలాసేపటికి నన్ను తిరిగి పెట్టుకుని, నూటపదిహేడో కీర్తన తీసి, రెండు వచనాలూ తనే చదివింది.

ఏడాది జ్ఞాపకార్థ కూటంలో సాక్ష్యం చెప్పమంటే అమ్మ లేచింది. కళ్లజోడు ఒకటే ఎందుకైందో చెప్పింది, పెళ్లి పాట సంగతి చెప్పింది, ఆదాము తోట సంగతి చెప్పింది. పాస్టరు అయ్యగారు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. పిల్లలు పగలబడి నవ్వారు. కూటం అయ్యాక పెద్దమ్మ వరసావిడ చెయ్యి పట్టుకుని నిలదీసింది. “మొగుడి సమాధి సున్నం ఇంకా ఆరనేదు, నవ్వులేటే?”

అమ్మకి కోపం రాలేదు. బైబిలు తెరిచి, నన్ను సర్దుకుని లూకా ఆరో అధ్యాయం చూపించింది. “దుఃఖపడేవాళ్లకి ఓదార్పు దొరుకుతాదని మత్తయి రాసేడు పెద్దమ్మా. లూకా దగ్గరికొచ్చేసరికి, ఏడిసీవోళ్లు నవ్వుతారని ప్రభువే మాటిచ్చినట్టుంది. ఆ నవ్వులో ఓ పిసరు నాకు ముందే ఇచ్చీసేడు. ఒద్దని ఎలాగంటాను? ఆయన లేకుండాపోయేడనుకుంటే నాకు నవ్వు రాదు. ముందెళ్లేడు, అంతే. ఊరెళ్లినోళ్ల మాటలు చెప్పుకుని నవ్వుకోమేటి?”

నేను వస్తువుని. పునరుత్థానం నాకు చెప్పలేదెవరూ. కానీ అమ్మ ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్లకి అంగుళం దూరంలో ఉన్నాను. అందులో నటన లేదు.

ఇప్పుడు స్త్రీల సమాజం వాళ్లతో కలిసి అమ్మ ఊళ్లు తిరుగుతోంది. కిడ్నీ జబ్బుతో మనిషి పోయిన ఇంటికి వెళతారు. పాట పాడతారు, వాక్యం చదువుతారు, ప్రార్థన చేస్తారు. అందరూ లేచాక అమ్మ ఇంకాసేపు ఉండిపోతుంది. ఆ మధ్య వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్లో, ముప్పయ్యేళ్లు నిండని పిల్ల, గోడ వంక చూస్తూ కూర్చుంది. వచ్చినవాళ్లు ధైర్యం చెప్పీ చెప్పీ వెళ్లారు. అమ్మ పక్కన చేరి, “మీ ఆయన నిన్నెప్పుడూ నవ్వించనేదేటమ్మా?” అని అడిగింది.

ఆ పిల్ల చాలాసేపు పలకలేదు. చివరికి అంది: “అంతెత్తు కొబ్బరిచెట్టు గబగబా ఎక్కీసీవోడు. బల్లిని సూస్తే మంచం ఎక్కీసీవోడు.”

“ఎంత బల్లేటి?”

పిల్ల రెండు చేతులూ చాపి చూపించింది. లోపల వంటింట్లోంచి అత్తగారు కేకేసింది: “అంత నేదు, అబద్ధం! ఇదిగో, నా సిటికినవేలంత!”