ఎవడో వెధవ

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరపు కొస. స్నోమొబైళ్లు చేసే పొలారిస్ కంపెనీ 1954లో పుట్టిన రోజో పట్టణానికి దగ్గర్లో ఒక పల్లె. చలికాలం వస్తే అక్కడి లేక్ ఆఫ్ ది వుడ్స్ సరస్సంతా గడ్డకట్టిపోతుంది. ఆ మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టేవాళ్లకు మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి లేకపోతే కాలూ చెయ్యీ ఆడదు.

అలాంటి కుర్రాడొకడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండిని ఊళ్లో మెకానిక్కు షెడ్డుకు తెచ్చాడు. క్రాంక్ సీలు పోయింది. అది మార్చాలంటే ముందు డ్రైవ్ క్లచ్ ఊడాలి. ఊడదే! బోల్టు తీసేసినా కదలదు. క్రాంక్‌షాఫ్టు చివర కొద్దికొద్దిగా సన్నబడుతుంది. ఆ టేపరు మీద క్లచ్ బిగిసి కూర్చుంటుంది, దాని పట్టంతా అక్కడే.

ముసలి మెకానిక్కు క్లచ్‌ను ఊడలాగే పుల్లర్ బోల్టు ఎక్కించి బిగించాడు. దాని తల మీద సుత్తితో నాలుగు దెబ్బలేశాడు. గ్యాస్ మంటతో క్లచ్ నడిమి హబ్ వేడి చేసి మళ్లీ బిగించాడు. ఉలుకూ పలుకూ లేదు.

"వెనకనుంచి గునపం పెట్టి లేపితే?" అన్నాడు కుర్రాడు.

"అల్యూమినియం బాబూ, చిప్ప పగుల్తుంది. అసలు తప్పు నీదీ కాదు, నాదీ కాదు. ఇదివరకు దీన్ని బిగించినవాడెవడో శుద్ధ వెధవ. రేపు తేలిగ్గా ఊడుతుందని టేపరుకు గ్రీజు పూసుంటాడు. గ్రీజు పూస్తే క్లచ్ జారి ఇంకా పైకెక్కి కూర్చుంటుంది, ఒక్కోసారి హబ్బే చీలిపోతుంది. టేపరు పొడిగా, అద్దంలా ఉండాలి. ఈమాత్రం తెలియనివాడు పానా ఎందుకు పట్టాలి?"

తిడుతూనే పుల్లర్ బయటికి తీశాడు. క్లచ్ నడిమి బొక్క నిండా నీళ్లు పోశాడు. పుల్లర్ మరలకు కొళాయిలకు చుట్టే టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి, మళ్లీ ఎక్కించి పొడుగు పానాతో తిప్పాడు. నీళ్లు నలగవు, టేపు వాటిని బయటికి పోనివ్వదు. ఇక ఆ ఒత్తిడంతా క్లచ్ మీదే.

"ఠాప్" మని తుపాకీ పేలినట్టు శబ్దం. క్లచ్ ఊడి చేతిలోకొచ్చింది.

టేపరు మీద నల్లటి గ్రీజు. "చూశావా! చెప్పానా!" అన్నాడు ముసలాయన మీసం దువ్వుకుంటూ.

కుర్రాడు టార్చి వేసి, క్లచ్‌ను వెనక్కి తిప్పి చూశాడు. ఇంజను వైపు ముఖాన తెల్ల పెయింటుతో ఏదో రాసుంది. కూడబలుక్కుని చదివాడు. తేదీ, దాని కింద రెండు పొడి అక్షరాలు, ఆ కింద షాపు పేరు.

"పెద్దాయనా, ఈ పేరు బయట మీ బోర్డు మీద..."

మాట పూర్తికాకముందే ముసలాయన క్లచ్ లాక్కుని, అసిటోన్‌లో ముంచిన గుడ్డతో ముందూ వెనకా కసకసా తుడిచేశాడు. "బిగించేముందు ఇసుమంత మరక కూడా ఉండకూడదు బాబూ. అదీ పద్ధతి!"

సాయంత్రానికి బండి సిద్ధమైంది. బిల్లులో సీలు ధర, కూలి, వాటి కింద ఇంకో పద్దు:

"పాత పనివాడి మరకలు తుడిచినందుకు: 20 డాలర్లు."