లెక్కలోళ్ల సంచి

ఇబ్రహీంపట్నం అంగడిలో ములక్కాడలమ్మే అవ్వ నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట అంటుంది. "సారూ, సంచి మస్తు గట్టిగున్నది. యాడ కొన్నవ్?" సారు జవాబు కూడా మారదు. "కొనలేదవ్వా, లెక్కలోళ్లు ఇచ్చిన్రు." లెక్కలోళ్లంటే చీటీలు నడిపేవాళ్లని అవ్వ నమ్మకం. వచ్చే చీటీకి తనకూ ఒక సంచి ఇప్పించమని సారును రెండుసార్లు అడిగింది.

నేను ములక్కాడల కోసం పుట్టలేదు. 2010 ఆగస్టు 19 నుంచి 27 దాకా హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభకు వచ్చినవాళ్ల భుజాన వేలాడటానికి పుట్టాను. 1897లో జ్యూరిక్‌లో మొదలైన సభ అది. యుద్ధాలప్పుడు తప్పిస్తే సుమారుగా నాలుగేళ్లకోసారి జరుగుతుంది. ఆసియాలో క్యోటోకు, బీజింగ్‌కు వెళ్లాక గానీ మన దేశం ముఖం చూడలేదు. ఇక్కడ పెళ్లిపెద్ద ఎం.ఎస్. రఘునాథన్. ఊళ్లో పనులు నెత్తినేసుకున్నది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి చెందిన రజత్ టాండన్. మూడు వేల మందికి పైగా వచ్చారు. ఇంతమందికి విడిది, బండ్లు, భోజనాలు, ఒకే గంటలో పక్కపక్క హాళ్లలో నడిచే ప్రసంగాలు చూడాలి. ఎవరు ఎప్పుడు మాట్లాడాలన్నది తేల్చడమే ఒక పెద్ద లెక్క అయ్యుంటుంది. ఆ గొడవలో నాకు తెలిసింది నా వరసే. ఎవరో పిల్లలు గుట్టలుగా పడున్న మాలో కార్యక్రమాల పుస్తకం, కాగితాలు, పెన్ను కూరుకుంటూ పోయారు. అందరం ఒకే రంగు, ఒకే కొలత. ఆ పోలికే మూడోనాడు నా కొంప ముంచింది.

నన్ను అందుకున్న సారు ఇబ్రహీంపట్నం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎం-వన్, ఎం-టూ లెక్కలు చెబుతాడు. పొద్దున్నే సాగర్ రోడ్డు మీద బస్సెక్కి, ఎల్బీనగర్‌లో దిగి, ఇంకో రెండు బస్సులు మారి మాదాపూర్ దగ్గర సభ జరిగే పెద్ద భవనం చేరేసరికి చొక్కా నలిగిపోయేది. అక్కడ భోజనం ఎలా ఉంటుందోనన్న అనుమానంతో అమ్మగారు జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు డబ్బాలో పెట్టి నాలో దోపేది. ఆ తొక్కు వాసన నన్ను ఇంతవరకు వదల్లేదు.

మొదటి రోజు అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ లెక్కల్లో పెద్ద గౌరవమైన ఫీల్డ్స్ పతకాలు ఇచ్చారు. ఎలాన్ లిండెన్‌స్ట్రాస్, వియత్నాంలో పుట్టిన ఎన్గో బావో చౌ, స్టానిస్లావ్ స్మిర్నోవ్, సెడ్రిక్ విల్లానీ అందుకున్నారు. విల్లానీ కోటు మీద సాలీడు బొమ్మ చూసి సారు పక్కాయన్ను మోచేత్తో పొడిచాడు. నలభై దాటినవాళ్లకు ఆ పతకం ఇవ్వరని రాత్రి ఇంట్లో చెబితే అమ్మగారు లెక్క కట్టింది. "అంటే మీకు మూడేండ్ల కిందనే పోయింది."

రెండో రోజు నుంచి అసలు కష్టం మొదలైంది. మొదటి పది నిమిషాలు సారు పెన్ను పరుగెత్తేది. తర్వాత నడిచేది. ఇరవయ్యో నిమిషానికి నోటుబుక్కులో పిచ్చి గీతలు వచ్చేవి. పక్కనున్న తెల్లజుట్టు పెద్దమనుషులు తలూపుతుంటే సారు నన్ను ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకునేవాడు. ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఆ పట్టులో సిగ్గు ఉందని నాకు తెలుసు.

మూడోనాడు కాఫీ బల్ల కింద నన్ను పెట్టి సారు పక్కకు తిరిగాడు. ఎవరో పొడుగాటి దొర నన్ను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అతని సంచి నా బదులు అక్కడ ఉండిపోయింది. ఆ పూటంతా నేను అతని కుర్చీ పక్కనే ఉన్నాను. జేబులోంచి తన నోటుబుక్కు తీశాడు. పైన వక్త పేరు, ప్రసంగం పేరు. కింద రెండు వరసల సూత్రాలు. ఆ తర్వాత ఒక చెట్టు. చెట్టు మీద పక్షి. ప్రసంగం ముగిసేసరికి చెట్టు కింద ఒక బెంచీ కూడా వచ్చింది. మధ్యాహ్నం ఏదో వెతుక్కుంటూ నాలో చెయ్యి పెట్టి డబ్బా మూత తీసి, పుంటికూర వాసనకు ఉలిక్కిపడ్డాడు. అప్పుడు తెలిసింది తను మోస్తున్నది ఇంకొకరి సంచి అని.

పాపం, మంచివాడు. పుస్తకం మీద రాసున్న పేరు పట్టుకుని సారును వెతికాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని రొట్టెలు పంచుకున్నారు. మధ్యలో సారు వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు, పొద్దుటి ప్రసంగం మీకు అర్థమైందా అని. ఆయన నవ్వి, తన శాఖ వేరనీ, తనకు మొదటి పావుగంటే అందిందనీ, చాలామందికి అంతేననీ చెప్పాడు. సారు నిలువునా తేలికపడ్డాడు. ఆ సాయంత్రం భుజం మీద నేనూ తేలికగానే ఉన్నాను. డబ్బా ఖాళీ కదా!

ఆ తర్వాతి రోజులు సారు పెళ్లికొచ్చిన పిల్లాడిలా తిరిగాడు. విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి నలభై మందితో చదరంగం ఆడితే గుంపులో నిక్కినిక్కి చూశాడు. మహామహా లెక్కల పండితులు ఓడిపోతే పద్నాలుగేళ్ల కుర్రాడొకడు డ్రా చేశాడు. లెక్కలను జనంలోకి తీసుకెళ్లినవాళ్లకు లీలావతి పేరుతో కొత్త బహుమతి పెట్టి సైమన్ సింగ్‌కు ఇచ్చారని విన్నప్పుడు సారుకు మన పావులూరి మల్లన గుర్తొచ్చాడు. మహావీరాచార్యుడి గణితాన్ని పదకొండో శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడికి మనవాళ్లు ఏ బహుమతీ పెట్టలేదని బస్సులో కండక్టరుతో మొరపెట్టుకున్నాడు. కండక్టరు చిల్లర అడిగాడు.

సభ అయిపోయింది. నేను కాలేజీకి మారాను. జవాబు పేపర్లు, సుద్దముక్కలు, ఆదివారం కూరగాయలు. ఒకరోజు క్లాసులో సంభావ్యత చెబుతూ సారు దారి తప్పాడు. కుతుబ్‌షాహీల కాలం నాటి మన పెద్దచెరువు కట్ట గురించి అడిగాడు. "మట్టికట్టల నుంచి నీళ్లు ఎట్ల ఊరుతయి?" బోర్డు మీద తేనెపట్టులా ఆరుమూలల గళ్లు గీశాడు. ఒక్కో గడికి నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే తడి, బొరుసు పడితే పొడి. తడి గళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఈ పక్క నుంచి ఆ పక్కకు చేరితే నీళ్లు కట్ట దాటినట్టే. గళ్లు సన్నం చేసుకుంటూ పోతే దాటే అవకాశం ఒక అంకె దగ్గర కుదురుకుంటుంది. ఆ అంకెకు జాన్ కార్డీ అనే భౌతికశాస్త్రవేత్త ముందే సూత్రం ఊహిస్తే, అది నిజమని 2001లో నిరూపించినవాడు స్మిర్నోవ్. "హైదరాబాద్‌ల పతకం తీస్కుంటుంటే నేను చూసిన" అన్నాడు సారు, కొంచెం గర్వంగానే.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, తేనెపట్టు గాకుండ చదరంగం గళ్లయితే?"

ఇంతకుముందైతే సారు గడియారం చూసుకుని సిలబస్‌లో లేదనేవాడు. ఈసారి సుద్ద చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నాకు తెల్వదు బిడ్డా. ఎవ్వరికీ తెల్వదు. నాణెం సగం-సగం గాకుండ ఆ గళ్లకు సరిపడేటట్టు సర్దితే అట్లనే అయితదని అందరూ అనుకుంటున్నరు, ఇంతవరకు ఎవరూ నిరూపించలే."

క్లాసు నిశ్శబ్దమైంది. ఆ అమ్మాయి కూర్చోకుండా బోర్డు వైపే చూస్తోంది. గంట కొట్టారు. సారు మిగిలిన సుద్దముక్క నా జేబులో వేశాడు, నిన్నటి కరివేపాకు రెమ్మ పక్కన.