ఒంటిగంటన్నర కావలి

పంజాబ్, హర్యానాల్లో వరి కొయ్యలు కాలిస్తే వేసే జరిమానా రెట్టింపు చేశారు, సంతోషం. రెండెకరాల లోపు రైతుకు 5,000, అయిదెకరాల లోపు 10,000, ఆపైన ఎంతున్నా 30,000. ఇక ఢిల్లీ గాలి తేటపడినట్టేనని పొద్దున్నే పార్కులో మా మిత్రుడు తేల్చేశాడు. "మన దగ్గరా పెట్టాలండీ, అప్పుడుగానీ దారికి రారు" అన్నాడు. ఆయన చివరిసారి పొలం గట్టు తొక్కింది ప్లాటు కొలిపించుకోవడానికి.

ఇంటికొచ్చి ఆ రేటు కార్డు లెక్కగట్టాను. ఎకరం ఉన్నవాడు కొయ్యలు కాలిస్తే ఎకరాకు 5,000. యాభై ఎకరాలవాడికి 600. నూరెకరాల మోతుబరికి 300. టోకున తగలబెడితే తగ్గింపు! ఆషాఢం సేల్ కూడా ఇంత ధారాళంగా ఉండదు.

మరి పట్టుకునేదెవరు? ఆకాశంలో కావలి పెట్టారు. మంటలు లెక్కించే నాసా ఉపగ్రహాల్లో ముఖ్యమైనవి మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో పంజాబ్ మీదుగా పోతాయి. నా చిన్నప్పుడు మా ఊరి కావలికారూ అంతే. చెరువుకట్ట మీద ఒక్క చుట్టు తిరిగి, బీడీ ముట్టించుకుని ఇంటికి పోయేవాడు. ఆయన వేళలు ఆయన భార్యకంటే దొంగలకే బాగా తెలుసు.

పంజాబ్ రైతు మాత్రం అమాయకుడా? నిప్పు పెట్టే వేళ సాయంత్రానికి జరిగిపోయిందని ఇస్రో శాస్త్రవేత్తలే రాశారు. అయినా ఏటా మంటలు ఇన్ని తగ్గాయని ప్రకటనలు మాత్రం వస్తూనే ఉంటాయి. బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు గోడలకు సున్నం కొట్టినట్టు, ఒంటిగంటన్నరకు పొలాలన్నీ బుద్ధిమంతంగా కూచుంటాయి.

రేపు సాయంత్రం అయిదింటికి ఇంకో ఉపగ్రహాన్ని తిప్పుతారనుకోండి, రైతు ఎనిమిదింటికి మారతాడు. ఎనిమిదింటికి ఇంకోటి తిప్పితే తెల్లారుజామున లేస్తాడు. చివరికి ఆకాశమంతా కావలివాళ్లే ఉంటారు. కింద కొయ్యలు కొయ్యల్లాగే ఉంటాయి.

హర్యానాలో ఇంకో అడుగు ముందుకేసి, కాల్చినవాడి పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టి రెండు సీజన్లు మండీలో పంట అమ్ముకోనివ్వమన్నారు.

అసలు ఆ నిప్పు రాజేసిందెవరు? భూగర్భజలాలు కాపాడాలని 2009లో పంజాబ్ చట్టం చేసి, జూన్ 10కి ముందు నాట్లు వేయొద్దంది. నీళ్ల కోసం మంచిదే. కానీ నాటు వెనక్కి పోతే కోతా వెనక్కి పోదా? కోతకూ గోధుమ విత్తడానికీ నడుమ రెండు మూడు వారాలే మిగిలాయి. కొడవలి మొదలంటా కోసేది, హార్వెస్టర్ కొయ్యలు నిలబెట్టి పోతుంది. నాటు తేదీ సర్కారుది, వడ్లు కొనేది సర్కారు. అగ్గిపుల్ల ఒక్కటే రైతుది. జరిమానా అగ్గిపుల్లకే!

కాల్చడం మంచిదని నేననను. ఆ పొగ ముందు దూరేది కాల్చినవాడి ముక్కులోనే. నా ఒళ్లు మండేది ఇంకోదానికి. పోయిన యాసంగి కోతలయ్యాక మా చిన్నాయన ఒక్కడే, పొద్దుగూకే వేళ, ఒక చేత గడ్డి చుట్ట, ఒక చేత వేపమండ పట్టుకుని పొలానికి పోయాడు. కాల్చొద్దు, కలియదున్ని నీళ్లు పెట్టి సూపర్ ఫాస్ఫేట్ చల్లండని ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు కదా, అందుకని ఎవరికీ చెప్పలేదు. "బోరు ఆగాగి పోస్తున్నది, నీళ్లేడ పెట్టాలె బిడ్డా?" అన్నాడు తర్వాత. గాలి తిరిగింది. బోరు కాడి పైపు కరిగి వంకర పోయింది. పక్కవాళ్ల గడ్డివాముకు పది గజాల ఇవతల మంట ఆరింది. చిన్నాయన కనుబొమ్మలు మాడాయి. అంతటితో పోయింది. అలా పొలంలోనే మంటల్లో చిక్కి పోయిన ముసలి రైతుల వార్తలు ఎండాకాలం జిల్లా పేజీల్లో మనం చదవనివా?

ఇంగ్లండ్ కూడా కొయ్యలు కాల్చడాన్ని 1993లో నిషేధించింది. కానీ మినహాయింపు ఇచ్చిన చోట ఇద్దరు పెద్దవాళ్లు దగ్గరుండాలని, చీకటి పడ్డాక కాల్చకూడదని అదే నిబంధనల్లో రాసింది. మనం ఏం రాశాం? 5,000, 10,000, 30,000. చాటుగా చేసే పనికి జాగ్రత్త చెప్పేదెవరు? దొంగ మంట పక్కన నీళ్ల ట్యాంకర్ పెట్టుకుని నిలబడతాడా ఎవడైనా?

నిన్న చిన్నాయనకు ఫోన్ చేసి ఈ రేట్లన్నీ చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు.

"జరిమానా ఎంతో ఇంత వివరంగ చెప్తున్నవ్ గదా, రోటవేటర్ కిరాయి ఎవరిస్తరో గది సుత చెప్పు."

కార్డు వెనక్కి తిప్పి చూశాను. అటువైపు ఖాళీ.