శాలువాకు మస్టర్లెన్ని?

భూగర్భ గనిలో దిగే కార్మికుడు ఏడాదికి 190 మస్టర్లు, అంటే హాజర్లు, చేస్తేనే జీతంతో కూడిన సెలవులు దక్కేవి. పైన సర్ఫేస్‌లో చేసేవాళ్ళకైతే 240. ఇది పాత గనుల చట్టం పెట్టిన లెక్క. బెల్లంపల్లిలో ఈ లెక్క తెలియని ఇల్లుండదు. కానీ ఒక్క మస్టరు కూడా పడకుండా శాలువా, మెమెంటో, పేపర్లో ఫొటో దొరికే డిపార్ట్‌మెంటు కూడా మన ఊళ్లోనే ఉంది. దాని పేరు సాహిత్యం.

ఊరు ఒకచోట, ఆఫీసు ఇంకోచోట అనే పద్ధతి మనకు కొత్తేం కాదు. సింగరేణి బొగ్గు కంపెనీలో బెల్లంపల్లి ఏరియా అని ఉంది, దాని జీఎం ఆఫీసేమో గోలేటిలో. మన సాహితీ సంఘాలదీ అదే వరస. బ్యానర్ మీద బెల్లంపల్లి, మనసంతా హైదరాబాద్ రవీంద్రభారతిలో.

పుస్తకావిష్కరణ ఎలా జరుగుతుందో చూడనివాళ్ళ కోసం చెబుతాను. వేదిక మీద కుర్చీలు చాలవు. కింద ఉన్నవి పైకి మోస్తారు. దానివల్ల కింద ఎవరికీ ఇబ్బంది కలగదు, కూర్చునేవాళ్ళు కూడా కుర్చీలతోపాటే పైకి వెళ్ళారు గనక. పుస్తకం చదవలేదని వినయంగా ఒప్పుకున్న ముఖ్య అతిథి దాని గురించే ముప్పావు గంట మాట్లాడతాడు. రచయిత్రులను కూడా పిలుస్తారు, దీపం వెలిగించడానికీ బొకే అందించడానికీ. చర్చ మొదలయ్యే వేళకు మాత్రం 'చీకటి పడుతుంది, మీరు వెళ్ళండమ్మా' అని బాధ్యతగా ఇంటికి పంపిస్తారు.

తర్వాత కవి సమ్మేళనం. తన కవిత చదివి దిగిన కవి నేరుగా చెప్పుల దగ్గరికే పోతాడు. రైలుకు టైమైందంటాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన కవి అంటే సరే, మన ఊరి కన్నాల బస్తీలో సొంతిల్లున్న కవికి కూడా ఆ రైలుకే టైమవుతుంది. చివరి కవి చదివేసరికి హాల్లో మిగిలేది సభాధ్యక్షుడు, మైక్ సెట్ పిలగాడు. అధ్యక్షుడికి వందన సమర్పణ ఉంది, పిలగాడికి వైర్లు చుట్టే పనుంది. ఆ పిలగాడు విన్నంత ఆధునిక కవిత్వం ఈ జిల్లాలో ఇంకెవరూ విని ఉండరు. ఎట్లుంది తమ్మీ అని అడిగితే, 'అన్నా, రీసౌండ్ వస్తుంది. అందరు ఒక్కలెక్కనే వినిపిస్తున్నరు' అన్నాడు. ఈ మధ్య నేను విన్న సమీక్షల్లో నిఖార్సయినది ఇదే.

పది మందీ అంతకు మించీ కూడబలుక్కుని నోటీసు లేకుండా పనికి రాకపోతే ఎనిమిది రోజుల దాకా జీతం కోయవచ్చని వేతన చెల్లింపు చట్టంలో ఒక నిబంధన ఉండేది. 1981లో సింగరేణి కార్మికులు ఆ కోత మీదనే 56 రోజులు సమ్మె చేశారు. ఆ నిబంధన కార్మికులకు అన్యాయం. కవులకు మాత్రం వెంటనే వర్తింపజేయాలని నా డిమాండ్. తన కవిత కాగానే లేచిపోయినవాడికి ఎనిమిది సభల శాలువాలు కోయాలి. వాళ్ళు కూడా 56 రోజులు సమ్మెకు దిగితే ఏమవుతుందన్నది అనవసర భయం. ఆ సంగతి ఊరికి తెలియాలన్నా వాళ్ళే ప్రెస్‌మీట్ పెట్టుకోవాలి. ఇంకో తేడా ఏంటంటే, సింగరేణిలో మెడికల్ అన్‌ఫిట్ అనిపించుకోవాలని తిరిగినవాళ్ళున్నారు గానీ నేను అన్‌ఫిట్ అని దరఖాస్తు పెట్టిన కవి ఇంతవరకు లేడు.

వినేవాళ్ళ సంగతి ఇది, ఇక చదివేవాళ్ళ సంగతి. తెలంగాణలో కవులే లేరని ఒకప్పుడు ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను పోగుచేసి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసి మొహాన పెట్టాడు. ఇప్పుడు ఎవరైనా 'గోలకొండ పాఠకుల సంచిక' వేద్దామని బయలుదేరితే 354 పేర్లు నిండుతాయా? వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. వాటిలో ఇతరుల పుస్తకాలే ఎక్కువ. ఇప్పటి కవి తన పుస్తకమే సంతకం పెట్టి ఊరికే ఇస్తున్నాడు. 'ఆత్మీయ మిత్రునికి' అన్న ఆ పేజీ కూడా చిరగకుండా పాత పేపర్ల కొట్టుకు చేరుతున్నది.

ఈ బొగ్గు నేల రచయితలకు గొడ్డుబోయిందని నేననను. అల్లం రాజయ్య కథలు కొన్ని, పి.చంద్ నవలలు సింగరేణి కార్మికుడి బతుకు మీద వచ్చినవే. తుమ్మేటి రఘోత్తమరెడ్డి సింగరేణిలో ఉద్యోగం చేస్తూనే కథలు రాశాడు. మన జిల్లా లింగాపూర్ నుంచి వచ్చిన గూడ అంజయ్య పాటను రాష్ట్రమంతా పాడుకుంది. వీళ్ళకున్న వసతి ఏమిటంటే, తప్పు రాస్తే పట్టుకునే పాఠకుడు. బొగ్గు టబ్బులను లాగే హాలేజ్ ఎక్కడుంటుందో, ఆ టబ్బు ఎట్లా పట్టాలు తప్పుతుందో తెలియకుండా కథ రాస్తే, షిఫ్టు దిగి క్యాప్‌ల్యాంప్ ల్యాంప్‌రూంలో ఇచ్చి వచ్చినవాడు రెండో పేజీలోనే దొరకబుచ్చుకుంటాడు. అట్లాంటి పాఠకుడికి శాలువా కప్పి నోరు మూయించలేం. మనమేమో ఆయన్ని వదిలేసి, మనలో మనమే ఒకరి వీపు ఒకరు తట్టుకుంటూ దాన్ని సాహితీ వాతావరణం అనుకుంటున్నాం.

కొత్తగా రాస్తున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక్క మాట. సంఘం సభ్యత్వం రసీదు తర్వాత చూసుకోవచ్చు. వచ్చే ఆదివారం ఎవరి సభైనా సరే, వెళ్ళి చివరిదాకా కూర్చోండి. పుస్తకం డబ్బులిచ్చి కొని ఇంటికి పోయి చదవండి. నచ్చకపోతే ఏ పేజీలో నచ్చలేదో రాసిన మనిషికే ఫోన్ చేసి చెప్పండి. మీ కథ అచ్చుకు పోకముందే బొగ్గు బాయిలో పనిచేసే వాళ్ళ చేతిలో పెట్టి, వాళ్ళు తిట్టింది రాసుకోండి. ఆహ్వాన పత్రికలో మీ పేరు ఉందో లేదో మాత్రం చూసుకోకుండా వెళ్ళండి.