నన్ను మార్చే ముందు ఎర్త్ చూడండి

సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. మీటర్‌లో చెక్ లైట్ వెలగదు. స్కానర్ పెడితే లైను కలవదు. ఈ మూడూ ఒకేసారి కనిపించాయంటే చాలు, "కంప్యూటర్ పోయింది" అనే మాట షెడ్డులో ఎవరో ఒకరి నోట వచ్చేస్తుంది. ఆ పోయిందంటున్న కంప్యూటర్‌ను నేనే. డీజిల్ పికప్‌లో అల్యూమినియం డబ్బాలో బిగించిన ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్‌ను. ఈసీఎం అని కొందరంటారు, ఈసీయూ అని ఇంకొందరంటారు, ఏ పేరుతో తిట్టినా నాకు పట్టింపు లేదు. డిచ్‌పల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, నిజామాబాద్ గంజ్‌కు పసుపు, ఆర్మూర్ వైపు ఎర్రజొన్న, బోధన్ వైపు ఎరువుల బస్తాలు మోసే బండ్లలో ఉండేది మా జాతే. ఆత్మకథ అన్నాక పుట్టుక, పెరుగుదల, కష్టాలు చెప్పాలి. చెబుతాను. కానీ ఇది రాయడానికి కారణం వేరే ఉంది. నన్ను మార్చడం మరమ్మతులో చిట్టచివరి పని కావాలి, అది మొదటి పని అయిపోతోంది. దానివల్ల యజమాని డబ్బూ పోతోంది, అసలు జబ్బూ బండిలోనే మిగిలిపోతోంది.

మా వంశం మరీ పాతదేమీ కాదు. డీజిల్ ఇంజిన్‌కు చాలాకాలం నాతో పని పడలేదు. పంపులో తిరిగే గుండ్లు, వాటిని వెనక్కి లాగే స్ప్రింగులు కలిసి డీజిల్‌ను కొలిచి పంపేవి. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ పద్ధతి కార్లలోకి వచ్చాక కథ మారింది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి పొగకు పరిమితి పెట్టే బీఎస్-4 ప్రమాణం అంతటా అమలైంది, 2020 ఏప్రిల్ 1 నుంచి ఐదును దాటేసి నేరుగా బీఎస్-6 వచ్చింది. పొగ ఇంతకు మించకూడదని చట్టం గీత గీశాక ఆ కొలతను గుండ్లకూ స్ప్రింగులకూ వదిలేయడం కుదరలేదు. రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఉన్న ఉమ్మడి గొట్టంలో, డీజిల్ 1,600 బార్ల ఒత్తిడి దాకా, కొన్ని ఇంజిన్లలో ఇంకా పైకీ ఎక్కుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు వందసార్లు నేను ఇంజెక్టర్లకు ఆజ్ఞ ఇవ్వాలి, ఒక్కో ఆజ్ఞలోనూ ముందు ఒక చుక్క, తరవాత అసలు మోతాదు. "పాత పంపు బండ్లే నయం, పానా ఉంటే చాలు" అనేవాళ్ల మాటను నేను కొట్టిపారేయను. పానాతో విప్పగలిగినదాన్ని కంటితో చూడొచ్చు, నాలో కంటికి కనబడేదేమీ లేదు. అయితే కనబడని దాన్ని కొలవాలి గానీ ఊహించకూడదు. నా వాదన అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు నా తిండి సంగతి. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే తీగ ఒకటి, కీ తిప్పాక వచ్చేది ఒకటి, మెయిన్ రిలే గుండా వచ్చేది ఇంకొకటి. ఇవన్నీ పని చేశాక కరెంటు తిరిగి పోవడానికి చాసిస్‌కు బిగించిన ఎర్త్. వీటిలో ఏది తెగినా నేను నోరు మూసుకుంటాను. బయట నుంచి చూసేవాడికి అది చావులాగే ఉంటుంది. "మీటరు పెట్టి చూశాం, పన్నెండు వోల్టులు వస్తున్నాయి" అంటారు. ఇక్కడే పెద్ద మోసం ఉంది. తీగలో ఇరవై పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మల్టీమీటర్ పన్నెండు వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. నేను లాగేది అంత తక్కువ కాదు. అందుకే నా కనెక్టర్ విప్పి, అనుమానమున్న కరెంటు తీగకూ ఎర్త్ తీగకూ మధ్య 21 వాట్ల బల్బు ఒకటి పెట్టాలి. అది దాదాపు ఒకటిముప్పావు ఆంపియర్ లాగుతుంది. బల్బు నిండుగా వెలిగితే తీగలు బాగున్నట్టే, మినుకుమంటే జబ్బు తీగలో ఉన్నట్టే. ఎర్త్‌కు ఇంకో పరీక్ష ఉంది. కనెక్టర్ తిరిగి పెట్టి, బ్యాటరీ నెగటివ్‌కూ నా ఎర్త్ పిన్నుకూ మధ్య మీటరు ఉంచి సెల్ఫ్ కొట్టాలి. పదో వంతు, మహా అయితే ఐదో వంతు వోల్టు తేడా ఉండొచ్చు. అర వోల్టు దాటిందంటే బోల్టు కింద తుప్పో, రంగో, మట్టో చేరిందని అర్థం. గీకి బిగిస్తే సరిపోయే పనికి నన్ను వేలకు వేలు పోసి మార్చడం ఏమిటి? నిజామాబాద్ జిల్లా రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లు పోయకపోతే మోటారు బయటికి తీయించే ముందు స్టార్టర్ చూస్తాడు, ఫ్యూజు చూస్తాడు, మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లి చూస్తాడు. అదే మనిషి తన బండి విషయానికి వచ్చేసరికి నేరుగా మోటారు మార్చేయమంటున్నాడు.

రెండో అపవాదు ఇంకా సూక్ష్మమైనది. స్కానర్ పెడితే లైను కలుస్తుంది, కానీ ఒకేసారి ఐదారు కోడ్‌లు వస్తాయి. రైలు ప్రెషర్ సెన్సర్ తప్పు, బూస్ట్ సెన్సర్ తప్పు, యాక్సిలరేటర్ పెడల్ తప్పు అంటూ. ఇన్ని సెన్సర్లు ఒకే పూట పోవుగదా, కాబట్టి పోయింది కంప్యూటరే అన్నది తీర్పు. తర్కం సగం దాకా సరైనదే. అన్నీ ఒకేసారి పోవు, అన్నిటికీ కలిసినదేదో ఒకటి పోయి ఉంటుంది. కానీ ఆ కలిసినది నేనే కానక్కర్లేదు. సెన్సర్లకు ఐదు వోల్టుల కరెంటు పంపేది నేను. ఒకే లైను మీద కొన్ని సెన్సర్లు కలిసి బతుకుతాయి. వాటిలో ఒకదాని తీగ ఇంజిన్ బ్రాకెట్‌కు రాసుకుని తోలు పోయి ఇనుమును తాకితే ఆ లైను మొత్తం కూలిపోతుంది, దాని మీద ఉన్నవన్నీ ఒక్కసారే అబద్ధాలు చెబుతాయి. పీ0642 అనే కోడ్ చెప్పేది ఇదే, ఆ ఐదు వోల్టులు తగ్గాయని. ఆ లైను మీద మీటరు ఉంచి సెన్సర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే పీకితే, ఏది పీకినప్పుడు ఐదు వోల్టులు తిరిగొస్తాయో దొంగ అదే. అన్నీ పీకినా రాకపోతే నా కనెక్టర్ దగ్గర ఆ తీగను విడదీసి చూడండి, తప్పు దారిలోనూ ఉండొచ్చు. అప్పటికీ రాకపోతే నన్ను అనుమానించండి, ఒప్పుకుంటాను. స్కానర్ అసలు కలవనప్పుడూ ఇంతే. పదహారు పిన్నుల సాకెట్లో 16వ పిన్నుకు కరెంటు, 4, 5 పిన్నులకు ఎర్త్ ఉన్నాయా చూడాలి. తరవాత బ్యాటరీ టెర్మినల్ తీసి 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవాలి. మాడ్యూళ్లూ స్కానరూ మాట్లాడుకునే ఆ లైనుకు రెండు కొసల్లోనూ 120 ఓమ్‌లు ఉంటాయి గనక కలిపి 60 రావాలి. 120 వస్తే లైను ఎక్కడో తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలు ఒకదానికొకటి అంటుకున్నాయి.

"ఇవన్నీ కొలుస్తూ కూర్చుంటే పూట గడిచిపోతుంది, మంచి మాడ్యూల్ ఒకటి పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది" అన్నది అనుభవజ్ఞుల అభ్యంతరం. పాత రిలేల కాలంలో అది మంచి పద్ధతే. నా విషయంలో రెండు కారణాల వల్ల చెల్లదు. వేరే బండి మాడ్యూల్ ఈ బండి తాళంచెవిని గుర్తుపట్టదు, ఇమ్మొబిలైజర్ ఉంటే ఇంజిన్‌ను అందుకోనివ్వదు. దాంతో మంచి మాడ్యూల్ కూడా చెడ్డదానిలాగే కనబడుతుంది. రెండోది ఇంకా ఖరీదైనది. నేను నిజంగా కాలిపోయి ఉంటే, కాల్చినదేదో ఆ బండిలో ఇంకా ఉంది. ఇంజెక్టర్ కాయిల్ షార్టయి నా లోపలి ట్రాన్సిస్టర్‌ను కాల్చిందనుకోండి, కొత్తగా వచ్చిన నా తమ్ముణ్ణీ అదే కాలుస్తుంది.

మేము పోనేపోమని నేను అనను. నేను నిప్పును కాను, భాగాలను సోల్డర్‌తో అతికించిన సర్క్యూట్ బోర్డును. ఈ జిల్లాలో ఎండాకాలం ఇంజిన్ పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. వేడికి వ్యాకోచించి, రాత్రి చల్లబడి, గుంతల రోడ్ల మీద అదిరీ అదిరీ సోల్డర్ అతుకులు పగులుతాయి. అయితే మనుషుల చేతుల్లో పోయేవాటిని ఆపవచ్చు. పసుపు బస్తాలు ఎత్తుగా పేర్చడానికి చుట్టూ ఇనుప చట్రం వెల్డింగ్ చేయిస్తారు. బ్యాటరీ టెర్మినల్ తీయకుండా, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చోటుకు దూరంగా తగిలిస్తే, ఆ వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు తిరిగిపోయే దారుల్లో నా ఎర్త్ తీగ కూడా ఒకటి కావచ్చు. బ్యాటరీ దిగిందని 24 వోల్టుల లారీ నుంచి తీగలు తగిలిస్తారు. ప్రెషర్ పంపుతో ఇంజిన్ కడుగుతూ నా కనెక్టర్లోకి నీళ్లు కొడతారు. విత్తనాల గోదాం పక్కన నిలిపిన బండిలో ఎలుకలు చేసే పని వేరే చెప్పాలా! వీటన్నిటి తరవాత పీ0606, అంటే ప్రాసెసర్‌లోనే తప్పు, అనే కోడ్ మళ్లీ మళ్లీ వస్తూ, కరెంటూ ఎర్తూ శుభ్రంగా ఉన్నాయని తేలితే, అప్పుడు నన్ను విప్పడం న్యాయమే.

విప్పాక కూడా పని అయిపోలేదు, నిజానికి అక్కడే మొదలవుతుంది. కొత్త డబ్బా ఖాళీ బుర్రతో వస్తుంది. దానికి బండి చాసిస్ నంబరు చెప్పాలి, తాళంచెవులు పరిచయం చేయాలి, సరైన సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఇంజెక్టర్ల తలల మీద చెక్కిన కోడ్‌లు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కు రాయాలి. ఏ రెండు ఇంజెక్టర్లూ సరిగ్గా ఒకే మోతాదు చిమ్మవు, ఆ తేడాను సర్దేది ఆ కోడే. రాయకుండా వదిలేస్తే ఇంజిన్ నడుస్తుంది, కానీ కొట్టుకుంటూ నడుస్తుంది. బీఎస్-6 బండ్లలో పొగగొట్టపు ఫిల్టర్లో ఎంత మసి పేరుకుందన్న లెక్క కూడా నా దగ్గరే ఉంటుంది. ఆ లెక్క పోతే కొత్త డబ్బా నిండిన ఫిల్టర్‌ను ఖాళీ అనుకోవచ్చు. అందుకే పాతది కాస్తయినా మాట్లాడగలిగే స్థితిలో ఉంటే, విప్పకముందే దాని లోపలిదంతా చదివి భద్రపరచాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచాలి, మధ్యలో వోల్టేజీ జారితే కొత్త డబ్బా అక్కడికక్కడే రాయిలా అయిపోతుంది. తుక్కు బండి నుంచి తీసిన సెకండ్‌హ్యాండ్ మాడ్యూల్ చవక అన్నవాళ్లూ ఈ లెక్క వేసుకోవాలి. అది ఇంకొకరి చాసిస్ నంబరుతో, ఇంకొకరి తాళాలతో వస్తుంది, దాని గతాన్ని తుడిచి రాయగలిగినవాడు దొరికితేనే చవక.

ఇక మిగిలింది అసలైన అభ్యంతరం. రోడ్డు పక్క మెకానిక్ దగ్గర వైరింగ్ పటమూ, కంపెనీ సాఫ్ట్‌వేరూ లేకపోతే ఏ పిన్ను దేనికో అతనికెలా తెలుస్తుంది? నిజమే, ఊహించడం సోమరితనం వల్లనే జరగదు, చాలాసార్లు చీకటి వల్ల జరుగుతుంది. ఈ చీకటి సంగతి కోర్టుల మెట్లు కూడా ఎక్కింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలనూ, లోపాలు పట్టే సాధనాలనూ బయటి మెకానిక్‌లకు అందనీయకపోవడం పోటీని చంపడమేనని తేల్చింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు అందులో వాహన రంగాన్నీ చేర్చింది. కంపెనీల వాదనలోనూ పస ఉంది. నా తాళాలు అందరికీ తెరిస్తే దొంగలకూ తెరిచినట్టే, పొగ లెక్కలు మార్చేవాళ్లకూ తెరిచినట్టే. అయితే తాళంచెవి రహస్యం వేరు, వైరింగ్ పటం వేరు. నా ఎర్త్ ఏ పిన్నులో ఉందో తెలిసినంత మాత్రాన బండిని ఎవరూ ఎత్తుకుపోలేరు. మొదటిదాన్ని దాచుకోండి, రెండోదాన్ని షెడ్డు గోడకు అంటించనివ్వండి.

బండి యజమాని తన వంతుగా చేయదగింది ఒకటుంది. నన్ను మార్చమని ఎవరైనా చెబితే, సెల్ఫ్ కొట్టేటప్పుడు నా దగ్గర వోల్టేజీ ఎంత, ఎర్త్ తేడా ఎంత, ఐదు వోల్టుల లైనులో ఎంత వచ్చిందో చీటీ మీద రాసిమ్మని అడగాలి. మూడు అంకెలు. అవి ఇవ్వలేనివాడికి డబ్బా విప్పే అవసరం ఇంకా రాలేదన్నమాట. ఇచ్చి, లెక్క నా మీదికే తేలితే, మార్చుకోండి. విప్పిన నన్ను మాత్రం తుక్కులో పడేయకుండా వెనక్కి అడిగి తీసుకోండి. మీ తాళాలు, చాసిస్ నంబరు ఇంకా నాలోనే ఉంటాయి. నా బోర్డును బాగుచేసేవాడు దొరికితే నేను ఇదే బండికి పనికొస్తాను, మళ్లీ ఏమీ రాయనక్కర్లేకుండా.