కొసరు కరివేపాకు

తెలుగునాట కూరగాయల బేరం తూకంతో పూర్తి కాదు. వంకాయలు తూగి, సంచీలో పడి, డబ్బులు చేతులు మారాక అసలు ఘట్టం మొదలవుతుంది. కొన్నావిడ కదలదు. సంచీ మూతి తెరిచే పట్టుకుని, "కరివేపాకు వెయ్యి నాయనా" అంటుంది. అతను "ఇంక నాకేం మిగుల్తుందమ్మా" అని సన్యాసం పుచ్చుకోబోయేవాడిలా మొహం పెడతాడు. చెయ్యి మాత్రం అప్పటికే కరివేపాకు కుప్ప మీద ఉంటుంది. ఇది నాటకమని ఇద్దరికీ తెలుసు. అయినా రోజూ ఆడతారు.

దీని పేరు కొసరు. అసలు కంటే కొసరు ముద్దని సామెత ఊరికే పుట్టలేదు. నాలుగు రెబ్బల కోసం ఇంత రాద్ధాంతమా అని మగవాళ్లు విసుక్కుంటారు. వాళ్లే పానీపూరీ బండి దగ్గర ఆఖరి ఉత్త పూరీ పడేదాకా దొప్ప దించరు.

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. దళారీ పోయాడు, ధర బోర్డెక్కింది, బేరానికి పని తగ్గింది. కొసరును మాత్రం ఏ బోర్డూ ఆపలేకపోయింది.

ఈ యావ మనకొక్కరికే ఉందనుకుంటే పొరపాటు. 1883లో అచ్చయిన 'లైఫ్ ఆన్ ద మిసిసిపీ'లో మార్క్ ట్వేన్ న్యూ ఆర్లియన్స్ కొట్ల సంగతి రాశాడు. అక్కడ సరుకు కొన్నాక 'లానియాప్' అడుగుతారట. కొట్టువాడు పిల్లాడికి అతిమధురం ముక్క, నౌకరుకు చవక చుట్టో దారపు ఉండో చేతిలో పెడతాడట. మరి గవర్నరుకేమిస్తాడో తనకు తెలియదన్నాడు ట్వేన్. మనవాడైతే కరివేపాకే ఇస్తాడు, గవర్నరైనా సరే.

ఎవరికెంత వెయ్యాలన్న లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. కొత్త మొహానికి మూడు రెబ్బలు. పదేళ్లుగా కొంటున్నావిడకు అడక్కుండానే గుప్పెడు, పైన రెండు పచ్చిమిరపకాయలు. ఆవిడ ఇవాళ ఏమీ కొనకుండా వెళ్తున్నా, "అల్లుడుగారు వచ్చారటగా అమ్మా?" అని ఒక మాట వేస్తాడు. ఆ మాటకు రెండు కిలోల బెండకాయలు అమ్ముడవుతాయి.

పెద్ద కంపెనీలు ఈ విద్యను కంప్యూటర్‌కు నేర్పబోయాయి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎగిరిన మైళ్లకు లెక్క కట్టి కొసరు ఇవ్వడం మొదలెట్టింది. ఇప్పుడు చెప్పులు కొన్నా పాయింట్లే. బిల్లు కౌంటరు దగ్గర ముందు ఫోన్ నంబరు అడుగుతారు, పేరు తర్వాత. పుట్టినరోజున తెల్లారకముందే శుభాకాంక్షల మెసేజ్ వస్తుంది, ఇంట్లోవాళ్లింకా నిద్ర లేవకముందే. పాయింట్లకు గడువుంటుంది, షరతులుంటాయి, ఆ షరతులు చదవడానికి భూతద్దం కావాలి. గడువు తీరిన కరివేపాకు మాత్రం పొడికి పనికొస్తుంది.

2024 మే నెలలో ముంబైలో ఒక తల్లి, బ్లింకిట్ అనే సరుకుల డెలివరీ యాప్‌లో కూరగాయలతోపాటు కొత్తిమీరకు కూడా డబ్బు కట్టాలని తెలిసి నిర్ఘాంతపోయింది. కొడుకు ఆ గోడు సోషల్ మీడియాలో పెట్టాడు. బ్లింకిట్ అప్పటి అధిపతి అల్బిందర్ ధీండ్సా వెంటనే కదిలి, కూరగాయలతో కొత్తిమీర ఉచితమని ప్రకటించి, అందరూ ఆ తల్లికి ధన్యవాదాలు చెప్పుకోండన్నాడు. కోట్ల పెట్టుబడి, వేగం, యాప్ అన్నీ ఉండి కూడా చివరికి ఒక కట్ట కొత్తిమీర దగ్గరికే రావాల్సి వచ్చింది.

ఆ వరం కొత్తిమీరకే దక్కింది. కరివేపాకు సంగతి తెలుగు అమ్మలు చూసుకోవాలి.