దరఖాస్తు పద్యానికి టీకా తాత్పర్యం

మెట్టు మెట్టు వేరు మేళవించినచోట
ముందు వెనుక పోవ ముప్పు లేదు
చిత్తు దాచకున్న చిక్కులే మిగులును
సెషను ముగిసెనేని చేటు పనికి

అవతారిక: 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో భూ రికార్డుల కొత్త వ్యవస్థ భూభారతి మొదలైనప్పుడు పైలట్‌గా ఎంచుకున్న నాలుగు మండలాల్లో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి భూమి తగాదాల మీద కాగితం దరఖాస్తులు తీసుకున్నారు. అలాంటి దరఖాస్తును వెబ్ పేజీల మీద నింపించాలంటే కోడు ఎలా పేర్చుకోవాలన్నది పద్య విషయం. రైతు వివరాలు, భూమి వివరాలు, పత్రాలు, సరిచూపు అని నాలుగు మెట్లనుకుందాం.

ప్రతిపదార్థం: మెట్టు మెట్టు = ఒక్కొక్క పేజీని; వేరు = దాని ఫైలునందు దానిని ఉంచి; మేళవించినచోట = ఒకే వరుసపట్టీతో కలిపినయెడల; ముందు వెనుక పోవ = ఏ బటను నొక్కినను; ముప్పు లేదు = నింపినది చెరగదు; చిత్తు = సగము నిండిన దరఖాస్తును; దాచకున్న = డేటాబేసునందు భద్రపరుపకున్నచో; చిక్కులే మిగులును = దరఖాస్తు నింపు ఆపరేటరుకు చీవాట్లే దక్కును; సెషను ముగిసెనేని = సర్వరు మరచెనేని; పనికి చేటు = కథ మొదటికి వచ్చును.

తాత్పర్యం: ప్రతి మెట్టుకూ మూడే పనులు: చూపడం, సరిచూడడం, దాచడం. తన తర్వాత ఎవరన్నది దానికి అనవసరం. ఆ వరుస ఒక్కచోట రాసి ఉంటే చాలు. రేపు ‘వారసుల వివరాలు’ కూడా కావాలంటే ఒక కొత్త ఫైలు, పట్టీలో ఒక పంక్తి. అన్నిటినీ ఒకే ఫైలులో ‘ఇదైతే అది, కాకుంటే ఇంకొకటి’ అని కుక్కినవాడు మాత్రం ఆ రోజు సెలవు అడగకూడదు.

విశేషాలు:

1. ‘వేరు’ అంటూనే ‘మేళవించిన’ అనడం విరోధాభాసం. పరిహారం: కోడు వేరు, సమాచారం ఒకటి. నాలుగు పేజీలూ ఒకే చిత్తుప్రతిలో రాస్తాయి, అందులోంచే చదువుతాయి.

2. చిత్తును సెషన్‌లో దాస్తే చాలదా అని పూర్వపక్షం. చాలదు. పీహెచ్‌పీలో ఎవరూ మార్చకుంటే సెషన్ సమాచారానికి ఆయువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. పాస్‌బుక్కు జిరాక్సుకని బజారుకెళ్లిన రైతు తిరిగొచ్చేసరికి అంతా సరి. నేలకొండపల్లిలో విరాటరాజు దిబ్బ ఉంది, విరాటుడి కొలువు ఇదేనని ఇక్కడివాళ్ల నమ్మకం. అజ్ఞాతవాసం ఆఖరి రోజున గుట్టు బయటపడినా పాండవులు మళ్లీ పన్నెండేళ్లు అడవికే. సెషన్‌ను నమ్మినవాడి గతీ అదే. పైగా ‘సెషను’ నగణం, అంటే సూర్యగణం. అస్తమించక తప్పదని కవి హృదయం.

3. సరిచూడడంలో సూక్ష్మం ఉంది. సర్వే నంబరు 245/ఆ అనుకోండి. అంకెలే ఉండాలన్న కోడు దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఏ అక్షరమైనా సరేనన్న కోడు ‘అ’ అని కొట్టినా రానిచ్చి, పక్కవాడి చెలక చూపిస్తుంది. రూపం సరిపోతే సరిపోదు, రికార్డులో ఆ నంబరు ఆ రైతు పేరనే ఉందో లేదో సర్వరు చూడాలి. బ్రౌజరులో జరిగే తనిఖీ మర్యాద కోసమే.

4. దాచిన వెంటనే బ్రౌజరును తర్వాతి పేజీకి మళ్లించాలి. లేదంటే నెట్ నెమ్మదించిందని రీఫ్రెష్ కొట్టినప్పుడల్లా ఒకే రైతు పేర ఇంకో దరఖాస్తు పుడుతుంది.

5. చిరునామా గడిలో నాలుగో మెట్టు పేరు కొట్టి నేరుగా వచ్చేవాళ్లుంటారు. నేలకొండపల్లి వాడైన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా వసూలైన సొమ్మును గోల్కొండ సుల్తాను తానీషా అనుమతి అనే మెట్టు దాటించి భద్రాద్రి గుడికి పెట్టాడని ప్రసిద్ధి. గోల్కొండ తనిఖీ చేసేనాటికి గుడి లేచి నిలబడింది. మనకా పుణ్యం దక్కదు గనుక, నిండని మొదటి మెట్టు ఏదో ప్రతి పేజీ వరుసపట్టీలో చూసుకుని అక్కడికే వెనక్కి పంపాలి.

ఫలశ్రుతి: ఈ పద్యం పాటించినా తప్పులు దొర్లుతూనే ఉంటాయి. ఏ ఫైలులో దొర్లాయో మాత్రం చప్పున దొరుకుతుంది.